మిగిలిపోయిన పంతొమ్మిది రోజులు

షూనింగ్ పురిటి మంచం మీద కూర్చుని నాలుక బయట పెట్టింది. వియ్యపురాళ్ళిద్దరూ చెరో పక్క నుంచీ వంగి చూశారు.

"కొస ఎర్రగా ఉంది. వేడి చేసింది," అంది అత్తగారు యుక్‌లిన్.

"మధ్యలో తెల్లటి పొర కనిపించడం లేదా వదినగారూ? లోపల చలువ పేరుకుంది," అంది తల్లి ఫెంగ్‌షియా.

"ఇక నోరు మూసుకోవచ్చా?" అనడిగింది షూనింగ్.

పురుడొచ్చి పదిహేను రోజులు. పొద్దున్నే ఈ తంతు తప్పడం లేదు. ఉన్నది ఒక్కటే నాలుక. అందులో ఒకరికి ఎండాకాలం కనిపిస్తే ఇంకొకరికి మంచు కనిపించేది. పక్కన పొత్తిళ్ళలో ఉన్న పిల్ల, ముద్దుపేరు బఠానీ, ఈ గొడవలేవీ పట్టనట్టు నిద్రపోయేది.

యుక్‌లిన్ పుట్టి పెరిగింది దక్షిణ చైనాలో ఉన్న ఈ ఫోషాన్‌లోనే. వీధి మలుపులో ఆవిడకి కషాయాల దుకాణం ఉంది. పొట్ట పెద్దదైన రాగి బిందెలోంచి చేదు కషాయం గిన్నెల్లోకి వంచి ఇవ్వడం ముప్ఫై ఏళ్ళ పైచిలుకు అలవాటు. ఆ వీధిలో నిద్ర పట్టకపోతే వేడి, మొటిమ లేస్తే వేడి, పెళ్ళాం మీద అరిస్తే వేడి. అన్నిటికీ మందు ఆ బిందెలోనే ఉంటుంది. మనుషులంతా పొయ్యి మీద కూర్చుని బతుకుతున్నారనీ, తను నీళ్ళు చల్లకపోతే మాడిపోతారనీ ఆవిడ గట్టి నమ్మకం.

ఫెంగ్‌షియా వచ్చింది ఉత్తరం కొసన ఉన్న చిచిహార్ నుంచి. అక్కడ ఏడాదిలో సగం రోజులు నది గడ్డకట్టుకుని ఉంటుంది. ఆవిడ దృష్టిలో మనిషన్నవాడికి చలి తప్ప వేరే జబ్బు లేదు. రెండు రోజులు రైళ్ళు మారుతూ, గోతాం నిండా కొర్రలు, ఆ కొర్రల్లో పాతిపెట్టిన నూట యాభై నాటుకోడి గుడ్లు మోసుకుని దిగింది. ఒక్క గుడ్డు పగలలేదు. ఆ సంగతి దిగిన రోజు మొదలుకుని ఇప్పటివరకూ ఆరుసార్లు చెప్పింది.

పురుడొచ్చాక బాలింత నెల రోజులు పనులేవీ ముట్టకుండా మంచం మీద కూర్చోవాలనీ, ఆ నెలంతా ఆమెని వేడిగా ఉంచాలనీ మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. పేచీ అంతా ఎలా ఉంచాలన్న దగ్గరే వచ్చింది. కోడలికి ఏడో నెల రాగానే యుక్‌లిన్ ముదురల్లం, నల్ల తీపి వెనిగర్ జాడీలో పోసి నానబెట్టింది. పురుడొచ్చిన పన్నెండో రోజున అందులో పందికాళ్ళూ గుడ్లూ వేసి ఉడికించి గిన్నెలో తీసుకొచ్చేసరికి ఫెంగ్‌షియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పులుపా? బాలింతకి పులుపు పెడతారా? పళ్ళన్నీ కదిలి ఊడిపోవూ?"

"మా వీధిలో బాలింతలందరికీ ఇదే పెడతాం వదినగారూ. ఒకసారి వీధిలోకెళ్ళి అందర్నీ నవ్వమనండి. ఎవరికి పళ్ళు లేవో చూసి రండి."

"మా ఊళ్ళో అయితే కొర్ర జావ, బెల్లం, గుడ్లు. అంతే."

"రోజుకి పది గుడ్లు. తింటుందా, పొదుగుతుందా?"

గుమ్మం దగ్గర ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయిన యుక్‌లిన్ కొడుకు వింగ్‌ఫై, గిన్నె నేనిస్తాను అంటూ అందుకుని లోపలికి జారుకున్నాడు. టైల్స్ కంపెనీలో అమ్మకాలు చూసే మనిషి. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పకూడదో తెలిసినవాడు.

ఇదంతా చూసి యుక్‌లిన్‌ది ఒట్టి పెత్తనం అనుకుంటే పొరపాటే. ఆ మొండితనం వెనక ఆవిడ ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటుంది. వింగ్‌ఫై పుట్టింది డిసెంబరులో. పదకొండు రోజులు మంచం మీద కూర్చుందో లేదో, అత్తగారు కాలు జారి పడింది. భర్త ఫ్యాక్టరీలో. దుకాణం మూతపడితే ఇల్లు గడవదు. పన్నెండో రోజున లేచి వెళ్ళి చన్నీళ్ళలో చేతులు ముంచి బిందెలు తోమింది. ఒళ్ళు గుల్లగా ఉన్న వేళ, తలుపులన్నీ తెరిచి ఉన్న ఇంట్లోకి జొరబడినట్టు, చలిగాలి మణికట్లలోకి చేరింది. అప్పట్నుంచీ వాన మబ్బు పడితే చాలు, చినుకు రాలకముందే ఆ చేతులకి తెలిసిపోతుంది.

పురిట్లో చేరిన నొప్పి మళ్ళీ పురిట్లోనే పోతుందని ఆ ప్రాంతంలో అందరూ నమ్మేదే. ఇంకో బిడ్డని కని నెల రోజులు సరిగ్గా కూర్చో, అదే పోతుందన్నాడు తామ్ వైద్యుడు. కానీ రెండో కాన్పుకి సర్కారు ఒప్పుకునే రోజులు కావవి. ఆ నెల ఆవిడకి మళ్ళీ రాలేదు. అన్నిటికంటే ఆవిడ మనసులో ముల్లులా మిగిలిపోయింది వేరే. ఆ పన్నెండో రోజున, నీళ్ళల్లో చెయ్యి పెట్టకే అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

అందుకే కోడలి కడుపు పండిందని తెలిసిన రోజే నిశ్చయించుకుంది. ఈ పిల్ల ఒంట్లోకి చలిగాలి పూచికంత కూడా దూరకూడదు. నెల నెలంతా నిండుగా జరగాలి. దుకాణం చెల్లెలికి అప్పగించింది. షూనింగ్ మంచినీళ్ళ గ్లాసు కడగబోయినా, "నీళ్ళల్లో చెయ్యి పెట్టకు," అని వంటింట్లోంచే అరిచేది. రోజుకి ఇరవైసార్లయినా అనేది.

షూనింగ్ గడ్డం మీద మొటిమ లేచిన రోజున వ్యవహారం ముదిరింది. గుడ్ల వేడే అది అని యుక్‌లిన్‌కి రూఢి అయిపోయింది. వియ్యపురాలు అటు తిరగ్గానే తాగే వేణ్ణీళ్ళలో నాలుగు ఎండు చామంతి పువ్వులు వేసి మరిగించింది. వాసన పట్టేసింది ఫెంగ్‌షియా. ఏమీ అనకుండా చేపల పులుసులో మూడు అల్లం ముక్కలు ఎక్కువ వేసింది. యుక్‌లిన్ మర్నాడు అన్నంలో పెసలు కలిపింది. ఫెంగ్‌షియా జావలో బెల్లం రెట్టింపు చేసింది. ఒకావిడ నీళ్ళు చల్లుతుంటే ఇంకొకావిడ కట్టెలు ఎగదోసింది.

గిన్నెలు మాత్రం ఎప్పుడూ నాకినట్టు ఖాళీగా తిరిగొచ్చేవి. నా వంటే నచ్చుతోందని ఇద్దరూ ఎవరికి వారే మురిసిపోయేవారు. ఖాళీ గిన్నెని అనుమానంగా చూడాలని ఏ దేశంలోనూ ఏ తల్లికీ తోచదు.

పద్దెనిమిదో రోజున కిటికీ దగ్గర పేలింది. జూలై ఎండ. గదిలో గాలి ఉడికిన ఆవిరికుడుముల బుట్టలో లాగా ఉంది. ఫెంగ్‌షియా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, కూతురి నెత్తిన తను అల్లిన ఉన్ని టోపీ పెట్టింది.

"వదినగారూ, చిచిహార్‌లో కిటికీ మూస్తే తెలివి. ఇక్కడ మూస్తే మనిషిని ఉడకేసినట్టే," అంది యుక్‌లిన్.

"గాలి తగలకూడదని మీరే కదండీ అన్నారు?"

"ఎదురుగాలి తగలకూడదన్నాను. ఊపిరాడకూడదనలేదు."

"మీరు చామంతులు మరగబెట్టినప్పుడు నేను ఊరుకున్నానా లేదా?"

"ఊరుకున్నారా? పులుసులో అల్లం గుమ్మరించి ఊరుకున్నారు."

షూనింగ్ టోపీ తీసి మంచం మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "ఇంకొక్కసారి పోట్లాడుకున్నారంటే నేనూ బఠానీ బాలింతల కేంద్రానికి వెళ్ళిపోతాం. అక్కడ నర్సులుంటారు. మీరిద్దరూ ఇక్కడే ఉండి ఒకరికొకరు పురుడు పోసుకోండి."

ఎవరో ముక్కూ మొహం తెలియని నర్సు చేతుల్లో తన కోడలి నెల గడిచిపోవడమా? గదిలో ఎయిర్ కండిషన్ పెడతారో, చల్లటి పాలు ఇస్తారో ఎవరు చూడొచ్చారు? ఆ పూట నుంచీ యుక్‌లిన్ నోటికి తాళం వేసుకుంది. ఫెంగ్‌షియా కూడా వేసుకుంది. ఇద్దరూ వంటింట్లో భుజం భుజం రాసుకుంటూ మూడు రోజులు మూగనోము పట్టారు. గరిటెలు మాత్రం గట్టిగానే మోగాయి.

ఇరవై ఒకటో రోజు పొద్దున షూనింగ్ వరసగా నాలుగు ఆవలింతలు తీసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. రాత్రంతా బఠానీ ఏడ్చిందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా యుక్‌లిన్‌కి గుడ్లు గుర్తొచ్చాయి, ఫెంగ్‌షియాకి వెనిగర్ గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు రోజుల తర్వాత మొదటిమాట, అదీ ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

"తామ్ గారిని పిలుద్దాం."

తామ్ వైద్యుడికి డెబ్బై తొమ్మిదేళ్ళు. నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి కూడా రొప్పలేదు. షూనింగ్ మణికట్టు చిన్న దిండు మీద పెట్టించి, మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కుడి చెయ్యి అయ్యాక ఎడమ చెయ్యి చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ మంచానికి చెరో పక్కా నిలబడ్డారు. ఈ ముసలాయన ఏదో ఒక పేరు చెబుతాడు, ఎవరో ఒకరి వంట దోషి అవుతుంది. అది తన జాడీ అయితే? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుచూసి, ఈ పిల్ల నెలని తన చేతులతోనే పాడుచేసిందా? యుక్‌లిన్ వైద్యుడి మొహం వైపు చూసింది.

"బాగుంది," అన్నాడు తామ్. "నిద్ర చాలడం లేదు, అంతే. చంటిపిల్ల తల్లికి నిద్ర చాలితేనే నేను కంగారుపడతాను."

"ఎవరి వంట వల్లండీ?" ఇద్దరూ అడిగారు.

"ఏం పెడుతున్నారేంటి?"

చెప్పారు. కొర్ర జావతో మొదలుపెట్టి పంది కాళ్ళ మీదుగా చేపల పులుసు దాకా. ఒకావిడ మరిచిపోయినది ఇంకొకావిడ అందించింది. చామంతి పువ్వుల దగ్గర యుక్‌లిన్, రెట్టింపు బెల్లం దగ్గర ఫెంగ్‌షియా కాస్త గొంతు తగ్గించారు. తామ్ చాలాసేపు విన్నాడు.

"ఇవన్నీ ఒక్క మనిషి తింటే నాడి ఇలా ఉండదమ్మా," అని తల తిప్పి వింగ్‌ఫై వైపు చూశాడు. మూలన నిలబడి ఉన్నాడు వింగ్‌ఫై. చొక్కా గుండీలు పొట్ట దగ్గర పట్టడం లేదు. ఒక ముక్కులో దూది కుక్కుకున్నాడు. "నువ్విటు రా నాయనా. ముక్కులోంచి రక్తం ఎన్నాళ్ళుగా?"

"వారం అయిందండీ. ఎండలకేమో అనుకున్నాను."

"చెయ్యి ఇలా ఇయ్యి." వేళ్ళు ఆనించిన మరుక్షణమే ముసలాయన పెదాలు వణికాయి. నవ్వు ఆపుకోలేకపోయాడు. "యుక్‌లిన్, నీ కోడలు కనింది గానీ, నెల కూర్చున్నది నీ కొడుకు. ఒక నెల కాదు, రెండు నెలలు కలిపి కూర్చున్నాడు."

షూనింగ్ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి కిందనుంచే ఒప్పుకుంది. "ఇద్దరి వంటా రుచిగానే ఉంటుంది అత్తయ్యా. ఒకరిది మిగిలిస్తే రెండోవాళ్ళకి బాధ. నా కడుపు నిండేదాకా ఇద్దరిదీ తింటున్నాను. మిగతాది..."

"నేనే చెప్పాను, ఇద్దరివీ ఖాళీ చేస్తే ఇల్లు నిలబడుతుందని," అన్నాడు వింగ్‌ఫై. దూది వల్ల గొంతు ముక్కులోంచి వచ్చింది.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఫెంగ్‌షియా నవ్వు రైలు కూతలా మొదలై ఆగలేదు. యుక్‌లిన్ కొడుకుని కొట్టడానికి చెయ్యెత్తి, నవ్వొచ్చి, ఎత్తిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"అన్నం కుండని చూశారా?" అన్నాడు తామ్, నవ్వులు తగ్గాక. "లోపలి నీళ్ళు యిన్. కింద మంట యాంగ్. రెండూ సరిపడా ఉంటే లేచి మూతని ఎగరేసే ఆవిరి ఉందే, అదే చీ. మనిషిని నడిపించేది అదే. కాన్పులో నీళ్ళు ఒలికిపోతాయి, మంట తగ్గుతుంది. మళ్ళీ నింపాలి, మెల్లిగా ఎగదోయాలి. మీరిద్దరూ అదే చేశారు. కానీ ఒకరు పోసే నీళ్ళ మీదా, ఇంకొకరు పెట్టే మంట మీదా కళ్ళు పెట్టారు తప్ప కుండ వైపు చూడలేదు. కుండే తెలివిగలది. తనకి చాలినంత తీసుకుంది."

వింగ్‌ఫైకి దుకాణంలోని అన్నిటికంటే చేదు కషాయం, రోజుకి రెండు గిన్నెలు, వారం రోజులు అని చెప్పి లేచాడు. యుక్‌లిన్ ఆయనకి టీ గిన్నె అందించింది. గిన్నె అందుకోబోయిన తామ్, గిన్నె వదిలేసి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఎముక దగ్గర ఉబ్బి ఉంది. జూలైలో కూడా చల్లగా ఉంది.

"ఇంకా ఉందా?"

"వాన పడితే కాస్త. అలవాటైపోయిందండీ."

"ఏమైంది?" అంది ఫెంగ్‌షియా.

"ఏమీ లేదు," అని యుక్‌లిన్ చెయ్యి లాక్కోబోయింది. తామ్ వదల్లేదు. ఆవిడ దాచిందంతా ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు. డిసెంబరు, పదకొండు రోజులు, చన్నీళ్ళు, రాని రెండో కాన్పు. అది విని ఫెంగ్‌షియా కేలెండరు వైపు చూసింది.

మర్నాడు పొద్దున యుక్‌లిన్ లేచి వంటింట్లోకి వెళితే పొయ్యి మీద కొర్ర జావ ఉడుకుతోంది. పక్క పొయ్యి మీద తన జాడీ, మూత తీసి ఉంది. వెనిగర్ వాసన ఇల్లంతా కమ్మేసింది. ఫెంగ్‌షియా ఆవిడ భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది.

"మంచమెక్కండి."

"ఎవరు?"

"మీరే. ముప్ఫైలో పదకొండు కూర్చున్నారు. ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. మా అమ్మాయికి తొమ్మిదే మిగిలాయి, దానితో పాటు ఆ తొమ్మిదీ కూర్చోండి. తర్వాత పది రోజులు మీరొక్కరే. నేను రైలు టికెట్ రద్దు చేయించాను."

ఈ ఉక్కలో ఇంకో రోజు ఉండలేనని రోజూ కేలెండరు వైపు చూసే మనిషి. యుక్‌లిన్ నమ్మలేదు. "నాకు యాభై ఎనిమిదేళ్ళు వదినగారూ. కనకుండా పురుడేంటి? వీధిలో నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఎవరికి పళ్ళున్నాయో చూస్తాను. అయినా కనకపోవడమేంటి? అదుగో, ముక్కులో దూది పెట్టుకుని తిరుగుతున్నాడు కదా మీ బిడ్డ. కాస్త ఆలస్యమైంది, అంతే."

యుక్‌లిన్ సాయం కోసం కోడలి వైపు చూసింది. షూనింగ్ మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చింది. "నేను ముందే చెప్పాను అత్తయ్యా, ఒకరికొకరు పోసుకోండని."

అలా ఆ ఇంట్లో ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలు, మధ్యలో బఠానీ. పొద్దున నాలుకలు రెండు బయటికొచ్చేవి. ఫెంగ్‌షియా రెండూ చూసి, రెండిట్లోనూ చలే ఉందని తేల్చేది. పులుపు పళ్ళు ఊడగొడుతుందని ఇంకా నమ్ముతూనే, ముక్కు చిట్లించుకుంటూనే, పందికాళ్ళని సరిగ్గా యుక్‌లిన్ చెప్పినట్టే ఉడికించి పెట్టింది. "కూర్చుని తింటే ఇలా ఉంటుందన్నమాట," అనుకుంది యుక్‌లిన్. ఇన్నేళ్ళుగా ఆ వంట ఎందరికో పెట్టింది. వేడి వేడిగా తను తినడం ఇదే మొదలు. బిందె దగ్గర వింగ్‌ఫై సాయంత్రాలు పిన్నికి సాయంగా నిలబడి, వచ్చినవాళ్ళ ముందే తన చేదు గిన్నె మింగేవాడు. ఆ మొహం చూసి బేరం పెరిగిందని పిన్ని చెప్పింది.

నెల నిండిన విందుకి ఎర్రరంగు వేసిన గుడ్లు పంచారు. షూనింగ్ తలంటుకుని, కొత్త గౌను వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూస్తే మంచం మీద ఉన్ని టోపీ పెట్టుకుని, ఒళ్ళో మనవరాలితో యుక్‌లిన్ కనిపించింది. అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత ఆమె వయసువాళ్ళు ముగ్గురు మంచం అంచున చేరి, నేను పద్నాలుగు రోజులే కూర్చున్నానని ఒకరు, నేను తొమ్మిదేనని ఒకరు చెప్పుకుంటూ చాలాసేపు కదల్లేదు.

యుక్‌లిన్ మంచమెక్కిన పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం వాన ముంచుకొచ్చింది. షూనింగ్, వింగ్‌ఫై బఠానీని టీకా వేయించడానికి తీసుకెళ్ళారు. యుక్‌లిన్ మణికట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నొప్పి వస్తుందని ఎదురుచూసింది. వచ్చింది. తగ్గిందో, తనే దాన్ని అంత పట్టించుకోవడం లేదో ఆవిడకి తేల్చుకోవాలనిపించలేదు. ఫెంగ్‌షియా పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. ఈ పూటైనా ఆవిడకి పని తగ్గిద్దామని యుక్‌లిన్ తిన్న గిన్నె పట్టుకుని చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది.

"నీళ్ళల్లో చెయ్యి పెట్టావంటే ఊరుకోను," అని పక్కగదిలోంచి కేక వినిపించింది.

యుక్‌లిన్ కొళాయి కట్టేసింది. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, బిందెల ముందు, ఆవిడ చెవులు రిక్కించి విన్నది ఈ మాట కోసమే. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. పెదాల మీద నవ్వు ఆగలేదు.

"పెట్టడం లేదు వదినా," అంది. గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళి మంచమెక్కి, టోపీ చెవులమీదికి లాక్కుని పడుకుంది.